అభ్యంతరం చెప్పే కుర్చీ

మన దేశంలో న్యాయమూర్తి ఎవరినీ ఓటు అడగడు. పరీక్ష రాసో, బార్ నుంచి ఎంపికయ్యో ఆ కుర్చీలోకి వస్తాడు. అందుకే అక్కడి నుంచి లేచి ఎన్నికల బరిలోకి దిగితే మనకు ఇబ్బందిగా ఉంటుంది. 1967లో మన తెలుగువాడు కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశాడు. 2024లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి అభిజిత్ గంగోపాధ్యాయ రాజీనామా చేసి, తమ్లుక్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఇలాంటప్పుడు మన మనసులో మెదిలే ప్రశ్న ఒకటే: ఇంతకుముందు ఇచ్చిన తీర్పుల మాటేమిటి?

ఆ ప్రశ్న అడగవలసిందే. కానీ కోర్టుకీ చట్టసభకీ మధ్య తలుపులు తెరిచే ఉన్న మగవాళ్ళని దృష్టిలో పెట్టుకుని పుట్టిన ప్రశ్న అది. స్త్రీల వైపు నుంచి చూస్తే ఇంకో ప్రశ్న ముందుకొస్తుంది. తీర్పు చెప్పే కుర్చీలో స్త్రీని ఒప్పుకున్న సమాజం, చట్టం చేసే కుర్చీలో ఆమెని ఎందుకు ఒప్పుకోలేకపోయింది? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరం మంచి చోటు. అక్కడ న్యాయమూర్తుల్ని ప్రజలే ఎన్నుకుంటారు. ఆ నగరం ఉన్న కయహోగా కౌంటీలో, మన జిల్లా కోర్టు లాంటి కామన్ ప్లీస్ కోర్టులో పనిచేసిన ఇద్దరు స్త్రీలు అరవై ఆరేళ్ళ తేడాతో దేశ చట్టసభకి పోటీ చేశారు. మొదటి ఆమె ఓడిపోయింది. రెండో ఆమె గెలిచింది.

మొదటి ఆమె పేరు ఫ్లారెన్స్ అలెన్. 1884లో పుట్టింది. తండ్రి క్లారెన్స్ అలెన్ యూటా రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభకి ఎన్నికైన మొదటి సభ్యుడు. ఆమె పియానో నేర్చుకోవడానికి బెర్లిన్ వెళ్ళింది. చేతి నరం దెబ్బతినడంతో ఆ దారి మూసుకుపోయింది. క్లీవ్‌లాండ్ పత్రికలో సంగీత సమీక్షలు రాసింది. లా చదువుదామంటే ఊళ్ళో ఉన్న వెస్టర్న్ రిజర్వ్ లా స్కూల్ అప్పట్లో ఆడవాళ్ళని చేర్చుకునేది కాదు. షికాగోలో కొంత చదివి, 1913లో న్యూయార్క్‌లో పూర్తి చేసింది.

ఆమె రాజకీయ పాఠశాల మాత్రం కోర్టు కాదు, ఓటు హక్కు ఉద్యమం. 1912లో ఒహాయో ఓటర్లు, అంటే మగ ఓటర్లు, స్త్రీలకి ఓటు హక్కుని తిరస్కరించారు. 1914లో మళ్ళీ తిరస్కరించారు. అధ్యక్ష ఎన్నికల వరకూ ఓటు ఇస్తూ 1917లో రాష్ట్ర చట్టసభ చేసిన చట్టాన్ని అదే ఏడు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి కొట్టేశారు. ఆ పరాజయాల మధ్య ఈస్ట్ క్లీవ్‌లాండ్ అనే చిన్న ఊరు తన పురపాలక ఎన్నికల్లో స్త్రీలకి ఓటు ఇస్తే, దాని చెల్లుబాటు కోసం రాష్ట్ర సుప్రీంకోర్టులో వాదించి గెలిచింది అలెన్. ఓటు లేని స్త్రీ ఓటు కోసం కోర్టులో వాదించడం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1920 ఆగస్టులో 19వ సవరణ అమల్లోకి వచ్చింది. నవంబరులో ఎన్నికలు. పార్టీల ప్రైమరీలు అప్పటికే అయిపోయాయి. కానీ అప్పట్లో ఒహాయోలో న్యాయమూర్తి పదవుల బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండేది కాదు. సంతకాలు సేకరిస్తే అభ్యర్థి కావచ్చు. నిన్నటిదాకా ఓటు హక్కు కోసం ఇల్లిల్లూ తిరిగిన స్త్రీలే ఈసారి అలెన్ కోసం సంతకాలు సేకరించారు. ఆమె గెలిచింది. అమెరికాలో అలాంటి కోర్టుకి ఎన్నికైన మొదటి స్త్రీ ఆమె.

గెలిచాక ఏమైందో చూడండి. విడాకుల కేసులన్నిటికీ ఒక ప్రత్యేక విభాగం పెట్టి ఆమెకి అప్పగిద్దామన్నారు తోటి న్యాయమూర్తులు. కుటుంబ కలహాలు ఆడవాళ్ళ సంగతి కదా! ఆమె ఒప్పుకోలేదు. పెళ్ళి చేసుకోని తనకంటే పెళ్ళయిన మీరే ఆ పనికి తగినవాళ్ళని చెప్పింది. తర్వాత క్లీవ్‌లాండ్ మునిసిపల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మెక్‌గానన్ ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడన్న కేసు విచారణకి ఆమే అధ్యక్షత వహించింది. అతనికి శిక్ష పడింది. కోర్టులోకి రానివ్వడం ఒకటి, వచ్చాక ఏ మూల కూర్చోబెడతారన్నది మరొకటి. ఆమె ఈ రెండో పోరాటం కూడా చేసింది.

1922లో రాష్ట్ర సుప్రీంకోర్టుకి ఎన్నికైంది. ఏ రాష్ట్రంలోనైనా ఆ స్థాయికి చేరిన మొదటి స్త్రీ ఆమె. 1928లో మళ్ళీ గెలిచింది. ఈ మధ్యలో, 1926లో, సెనేట్ సీటు కోసం డెమొక్రటిక్ ప్రైమరీలో నిలబడింది. మాజీ సెనేటర్ అట్లీ పామరీన్ చేతిలో ఓడిపోయింది. 1932లో ప్రతినిధుల సభకి పోటీ చేసింది. ఆ ఏడు దేశమంతా రూజ్‌వెల్ట్ గాలి వీచింది. అయినా క్లీవ్‌లాండ్ శివార్లలో రిపబ్లికన్ చెస్టర్ బోల్టన్ మీద ఓడిపోయింది.

న్యాయమూర్తిగా 1928లో రాష్ట్రమంతా గెలిపించిన స్త్రీ నాలుగేళ్ళ తర్వాత ఒక్క నియోజకవర్గంలో ఎందుకు గెలవలేకపోయింది? ఆ నియోజకవర్గం ధనికులది, రిపబ్లికన్లది అన్నది ఒక కారణం. అయితే దాని వెనక ఎన్నికల పద్ధతి కూడా ఉంది. న్యాయమూర్తి బ్యాలెట్ మీద పార్టీ లేదు కాబట్టి ఉద్యమ స్త్రీలు కూడగట్టిన బలం నేరుగా ఓటయింది. చట్టసభ దగ్గరికొచ్చేసరికి పార్టీ, డబ్బు, పాత నాయకుల పలుకుబడి అడ్డునిలిచాయి. మూడో కారణం కంటికి కనిపించదు. న్యాయమూర్తి నుంచి సమాజం ఆశించే గుణాలు ఓర్పు, నిష్పక్షపాతం, పెద్దరికం, కోపం దాచుకోవడం. ఇవన్నీ 'మంచి ఆడదాని' నుంచి ఆశించేవే. నల్ల గౌను ఆమెని ఒక రకంగా కాపాడుతుంది కూడా. చట్టసభ అభ్యర్థి అలా కాదు. ఒక పక్షం తీసుకోవాలి. నాకిది కావాలి అని గొంతెత్తి చెప్పాలి. 'కావాలి' అనే ఆడదాన్ని భరించడం పితృస్వామ్యానికి ఎప్పుడూ కష్టమే.

ఈ కథకి ఒక కొసమెరుపు ఉంది. ఆమెని ఓడించిన చెస్టర్ బోల్టన్ 1939లో చనిపోయాడు. ఆ ఖాళీలో 1940లో జరిగిన ఉప ఎన్నికలో అతని భార్య ఫ్రాన్సెస్ బోల్టన్ గెలిచింది. ఒహాయో నుంచి ప్రతినిధుల సభకి వెళ్ళిన మొదటి స్త్రీ ఆమె. అంటే ఆ సీటుకి పదేళ్ళకి పైగా న్యాయమూర్తిగా పనిచేసిన స్త్రీ చాల్లేదు, సభ్యుడి భార్య సరిపోయింది! సానుభూతి ఓట్ల ఉప ఎన్నికలు చూస్తూ పెరిగిన మనకిది కొత్త కాదు. ఫ్రాన్సెస్ బోల్టన్ 1969 దాకా సభలో ఉండి, నర్సుల చదువు కోసం గట్టిగా పనిచేసింది. ఆమెని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏ స్త్రీకి ఏ తలుపు తెరుచుకుంటుందో చూడమంటున్నాను.

అలెన్‌ని రూజ్‌వెల్ట్ 1934లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టుకి నియమించాడు. అక్కడ కూడా ఆమె మొదటి స్త్రీయే. అమెరికా సుప్రీంకోర్టు దాకా మాత్రం ఆమెని వెళ్ళనివ్వలేదు. 1966లో చనిపోయింది. సుప్రీంకోర్టుకి మొదటి స్త్రీగా సాండ్రా డే ఓకానర్ వచ్చేసరికి 1981 అయింది.

అదే 1981లో క్లీవ్‌లాండ్ మునిసిపల్ కోర్టుకి ముప్ఫై రెండేళ్ళ నల్లజాతి స్త్రీ స్టెఫనీ టబ్స్ జోన్స్ ఎన్నికైంది. తండ్రి విమానాశ్రయంలో సామాన్లు మోసేవాడు. తల్లి గ్రీటింగ్ కార్డుల ఫ్యాక్టరీలోనూ, వంటమనిషిగానూ పనిచేసింది. ముగ్గురు ఆడపిల్లల్లో ఈమే చిన్నది. అలెన్‌కి తలుపు తీయని లా స్కూల్లోనే, అప్పటికి కేస్ వెస్టర్న్ రిజర్వ్ అని పేరు మారిన విశ్వవిద్యాలయంలో, 1974లో పట్టా తీసుకుంది. 1983లో గవర్నర్ ఆమెని కామన్ ప్లీస్ కోర్టుకి నియమించాడు. అలెన్ కూర్చున్న కోర్టే అది. ఒహాయోలో ఆ స్థాయి కోర్టులో మొదటి నల్లజాతి స్త్రీ ఈమె. 1990లో రాష్ట్ర సుప్రీంకోర్టుకి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడింది. 1991లో కౌంటీ ప్రాసిక్యూటర్ అయింది.

1998లో ప్రతినిధుల సభ సభ్యుడు లూయీ స్టోక్స్ ముప్ఫై ఏళ్ళ తర్వాత తప్పుకుంటున్నానన్నాడు. ఆ సీటు చరిత్ర తెలుసుకోవాలి. క్లీవ్‌లాండ్ నల్లజాతి ఓటర్లని ముక్కలు చేసేలా నియోజకవర్గాల గీతలు గీశారని 1960లలో కేసు వేసి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిస్తే, గీతలు మార్చాక 1968లో పుట్టిన అవకాశమది. ఆ కేసు వాదించిన వకీళ్ళలో స్టోక్స్ కూడా ఉన్నాడు. డెమొక్రటిక్ పార్టీ కంచుకోట కాబట్టి అక్కడ ప్రైమరీయే అసలు ఎన్నిక. అయిదుగురు పోటీపడితే టబ్స్ జోన్స్ ఒక్కతే సగానికి పైగా ఓట్లు తెచ్చుకుంది. ఒహాయో నుంచి ప్రతినిధుల సభకి ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ అయింది.

అలెన్ వెనక ఓటు హక్కు ఉద్యమం ఉంది, నియోజకవర్గం లేదు. టబ్స్ జోన్స్ వెనక ఒక జాతి పోరాడి గీయించుకున్న నియోజకవర్గం ఉంది. స్త్రీ సమర్థత ఒక్కటే చట్టసభ తలుపు తీయదని ఈ రెండు జీవితాలూ కలిపి చదివితేనే తెలుస్తుంది.

అయితే ఈ గెలుపుని పండగగా మాత్రమే చదవలేను. ఆమె చట్టసభకి వెళ్ళింది ప్రాసిక్యూటర్ పదవి మీదుగా. జైళ్ళలో నల్లజాతి యువకులు కిక్కిరిసిపోతున్న 1990లలో, రాజ్యం తరఫున శిక్షలు కోరే బల్ల వెనక ఒక నల్లజాతి స్త్రీ ఎనిమిదేళ్ళు కూర్చుంది. అధికారంలోకి వెళ్ళే స్త్రీకి దారి ఇచ్చేది తరచుగా శిక్షించే వ్యవస్థే కావడం స్త్రీవాదులుగా మనం దాటేయకూడని సంగతి. మరోవైపు, అప్పుల పేరుతో పేదలకీ నల్లవాళ్ళకీ ఇళ్ళు లేకుండా చేసే మోసపు రుణాలకి వ్యతిరేకంగా చట్టసభలో పదేపదే బిల్లు పెట్టింది కూడా ఈమే. 2007 నాటికి క్లీవ్‌లాండ్‌లో వీధులకి వీధులే జప్తయిన ఇళ్ళతో ఖాళీ అయ్యాయి. ఆమె బిల్లు మాత్రం చట్టం కాలేదు.

ఇక 2005 జనవరి 6. అంతకుముందు నవంబరులో జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఒహాయోలో బుష్ లక్షా పద్ధెనిమిది వేల ఓట్ల తేడాతో గెలిచాడు. నల్లవాళ్ళుండే పేటల్లో యంత్రాలు చాలక జనం గంటల తరబడి వరసల్లో నిలబడ్డారు. ఎన్నికలు నడిపిన రాష్ట్ర అధికారే బుష్ ప్రచార సంఘానికి సహాధ్యక్షుడు. ఓట్ల లెక్కింపు కోసం ఉభయ సభలూ కలిసినప్పుడు ఒహాయో ఓట్ల మీద అభ్యంతరం చెప్పింది టబ్స్ జోన్స్. సెనేట్ నుంచి బార్బరా బాక్సర్ సంతకం చేసింది. 1887 చట్టం కింద ఇలా ఉభయ సభల సభ్యులూ కలిసి అభ్యంతరం చెప్పడం అప్పటికి రెండోసారే. మొదటిది 1969లో. ఫలితాన్ని తారుమారు చేయడం కాదు, ఓటరుకి జరిగిన అన్యాయం మీద చర్చ జరగాలన్నదే తమ ఉద్దేశమని వాళ్ళు చెప్పారు. రెండు గంటల చర్చ తర్వాత ఓటింగ్. ప్రతినిధుల సభలో 267కి 31. సెనేట్‌లో 74కి 1. ఓడిపోయారు.

2021లో అదే తేదీన, అదే నిబంధనని ఫలితాన్నే తిరగరాయడానికి వాడుకోబోయారు. 2022లో చట్టం మార్చి, ప్రతి సభలోనూ అయిదో వంతు సభ్యులు సంతకం చేస్తేనే అభ్యంతరం చెల్లుతుందన్నారు. కాబట్టి ఇవాళ ఆ 2005 రోజుని చూసి పొంగిపోవడం అంత తేలిక కాదు. కానీ రెండిటినీ ఒకే గాటన కట్టడం కూడా అన్యాయం. ఓటు వేయడానికి గంటల తరబడి నిలబడ్డ వాళ్ళ కోసం లేచి నిలబడటం వేరు, వేసిన ఓట్లని కొట్టేయమనడం వేరు.

ఆ రోజు గురించి చదువుతున్నప్పుడు నన్ను ఆపింది 'అభ్యంతరం' అన్న మాట. అది కోర్టు మాట. పదేళ్ళు న్యాయమూర్తి కుర్చీలో కూర్చుని ఇతరుల అభ్యంతరాలు విన్న మనిషి ఆమె. ఒప్పుకోవడమో, తోసిపుచ్చడమో ఆమె చేతిలో ఉండేది. ఇప్పుడు తనే లేచి అభ్యంతరం చెప్పి, మూడు వందల మంది ముందు ఓడిపోయింది. తన కోర్టులో న్యాయమూర్తికి ఓటమి లేదు. చట్టసభలో స్త్రీకి ఓటమి ఉంది, ఆ ఓటమి పేరుతో సహా రికార్డుకెక్కుతుంది. ఆ హక్కు కోసమే అలెన్ రెండుసార్లు ప్రయత్నించిందని నాకనిపిస్తుంది.

టబ్స్ జోన్స్ 2008 ఆగస్టులో, యాభై ఎనిమిదేళ్ళకి, మెదడులో రక్తస్రావంతో చనిపోయింది. ఆ సీటుకి ఆమె తర్వాత మార్సియా ఫజ్, 2021లో షాంటెల్ బ్రౌన్ ఎన్నికయ్యారు. ఇద్దరూ నల్లజాతి స్త్రీలే. ఇద్దరూ ఎవరి వితంతువులుగానూ రాలేదు.

మన జిల్లా కోర్టుల్లో ఇవాళ స్త్రీ న్యాయమూర్తులు కొత్త కాదు. ఆ కుర్చీలో వాళ్ళని చూసి గర్వపడటం మనకి అలవాటైంది. చట్టసభల్లో మూడో వంతు సీట్ల కోసం పార్లమెంటు 2023లో 106వ రాజ్యాంగ సవరణ చేసింది. చేస్తూనే జనగణనకీ నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టింది. ఆ కుర్చీల్లోకి రేపు ఎవరు వస్తారన్నది ఒక ప్రశ్న. వచ్చినవాళ్ళు 267 మంది ముందు లేచి నిలబడి అభ్యంతరం అనగలుగుతారా, అన్నప్పుడు మనం వాళ్ళ వెనక ఉంటామా అన్నది మనల్ని మనం అడగవలసిన ప్రశ్న.