గోర్డన్ బొమ్మలు: ఒక పత్రికా పుటను చదవడం

అమెరికా అంతర్యుద్ధం (1861-65) నాటి శాసనాలను, పోరాటాలను మీరు ఇంతకుముందు చదివారు. ఇప్పుడు ఒక పత్రికా పుటను చారిత్రక ఆధారంగా పరిశీలిద్దాం.

న్యూయార్క్ నుంచి వెలువడే 'హార్పర్స్ వీక్లీ' 1863 జూలై 4 సంచికలో, బానిసత్వం నుంచి తప్పించుకున్న గోర్డన్ అనే వ్యక్తివంటూ మూడు బొమ్మలు అచ్చయ్యాయి. మొదటి దానిలో అతడు చిరిగిన బట్టలతో కూర్చుని ఉన్నాడు. లూసియానాలోని బేటన్ రూజ్‌లో ఉత్తరాది సైన్యాన్ని చేరినప్పటి రూపం అది. మధ్యలో కొరడా దెబ్బల మచ్చలతో నిండిన వీపు. మూడవ దానిలో సైనిక దుస్తులు, చేతిలో తుపాకి.

ఆనాడు ఫోటోను నేరుగా పత్రికలో అచ్చువేసే వీలు లేదు. ఫోటోను చూసి చెక్క దిమ్మెపై గీసేవారు, ఆ గీతలను పనివారు చెక్కేవారు. కనుక మీరు చూస్తున్నది ఫోటో కాదు, అనేక చేతులు మారిన బొమ్మ. మూడింటిలోనూ ఉన్నది ఒకే మనిషా అని సందేహించిన చరిత్రకారులు కూడా ఉన్నారు.

మరి ఈ వరుస ఎందుకు? 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన నల్లవారిని సైన్యంలోకి ఆహ్వానించింది. వారు పోరాడగలరా అని ఉత్తరాది తెల్లవారిలో చాలామందికి అనుమానం. పారిపోయినవాడు, దెబ్బలు తిన్నవాడు, సైనికుడు అనే క్రమం ఆ అనుమానానికి సంపాదకులు ఇచ్చిన జవాబు. అయితే శీర్షిక మాత్రం 'ఒక సగటు నీగ్రో' అనే అర్థంలో పెట్టారు. పేరున్న మనిషిని నమూనాగా మార్చారు. అతడి నోటి మాట ఒక్కటీ ఆ వార్తలో లేదు.

తరగతిలో ఈ పుట చూపినప్పుడల్లా విద్యార్థుల చూపు ఆ వీపు దగ్గరే ఆగిపోయేది. నేను మాత్రం బొమ్మల కింది వార్తలోని ఒక చిన్న సంగతి దగ్గర ఆగుతాను. వేటకుక్కలు వాసన పట్టకుండా గోర్డన్ తోట నుంచి ఉల్లిపాయలు జేబులో వేసుకొచ్చి, వాగు దాటిన ప్రతిసారీ ఒంటికి రుద్దుకున్నాడట. బొమ్మల్లో కనిపించని ఆలోచనాపరుడు అక్కడ కనిపిస్తాడు. తనను ఎవరో విడిపించేదాకా అతడు కూర్చోలేదు.

ఈ బొమ్మలు ఉత్తరాది ప్రజల మనసు మార్చాయని జవాబుపత్రంలో రాసే ముందు ఒక తేదీ గుర్తుంచుకోండి. ఆ సంచిక తేదీకి 9 రోజుల తరువాత, జూలై 13న, అదే న్యూయార్క్‌లో నిర్బంధ సైనిక భర్తీపై అల్లర్లు చెలరేగాయి. తెల్లవారి మూకలు నల్లవారిని వీధుల్లో చంపాయి, నల్లజాతి పిల్లల అనాథాశ్రమాన్ని తగులబెట్టాయి.