హుగ్లీ ఘాట్ మెట్లు – చక్రాల కుర్చీ హక్కు

ఈ అంశం జీఎస్-1, జీఎస్-2 రెండింటికీ పనికొస్తుంది.

1900లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను హౌరాతో కలిపింది. ఆ రైల్వే కొలువుల కోసమే మన తెలుగువాళ్లు ఇక్కడికి వచ్చారు. ఝపటాపూర్‌లో వాళ్ల వారసులెవరైనా నేడు చక్రాల కుర్చీలో కోల్‌కతా వెళ్తే, హౌరాలో హుగ్లీ దాటడమే అసలు పరీక్ష.

ఎందుకు? ఘాట్లు స్నానానికీ, సరుకు దింపడానికీ కట్టినవి. అందుకే అన్నీ మెట్లే. ఫెర్రీ జెట్టీలు నీటిపై తేలతాయి. ఆటు వేళ నీటిమట్టం తగ్గితే జెట్టీకి దిగే దారి వాలు పెరుగుతుంది.

చట్టం ఎలా మారింది?

1995 చట్టం: సౌకర్యాల కల్పన ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడినది.

2016 చట్టం: వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి, పాత ప్రభుత్వ భవనాల మార్పుకు గడువు పెట్టారు.

2024 నవంబరు 8: రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, 2017 నిబంధనల్లోని 15(1) చట్టవిరుద్ధమని, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేయాలని చెప్పింది.

అదే ఏడాది మార్చి 6న హుగ్లీ అడుగున మెట్రో ప్రారంభమైంది. లిఫ్టులో దిగి నది దాటవచ్చు.

ముగింపు: ఘాట్‌ను కూల్చనక్కర్లేదు, పక్కన ఇంకో దారి చాలు. వారసత్వం మెట్లకే కాదు, వాటిని చూడాలనుకునే మనిషికీ ఉంది.