పాత జీపు, కొత్త ఇంజను

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరారు. ఇబ్రహీంపట్నం చెరువు గురించి, కుతుబ్‌షాహీల గురించి రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర ఫైళ్లలో ఉన్నదే. అందులో ఒక జీపు చరిత్ర విన్నవిస్తాను.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. అప్పటి నుండి మన తరం వారికి జీపు అంటే ఆఫీసు, ఆఫీసు అంటే జీపు. బి.డి.ఓ. గారి ముఖం ఎరుగని పల్లెవాసులు కూడా ఆ చప్పుడు గుర్తుపట్టేవారు. లాగ్ బుక్కులో మైళ్లు ఎలా పెరిగేవో మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ జీపు పుట్టుక అమెరికాది. రెండవ ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 60 గుర్రాల శక్తి, ఆరు ఓల్టుల బ్యాటరీ. 1947 నుండి మహీంద్రా వారు బొంబాయిలో ఈ జీపులు బిగించసాగారు. డాడ్జ్, ప్లిమత్ కార్లను ప్రీమియర్ కంపెనీ కుర్లాలో బిగించేది. షెవ్రొలే కార్లను జనరల్ మోటార్స్ వారు బొంబాయిలోనే తయారుచేసి 1954లో దుకాణం కట్టేశారు. విడిభాగాలు దొరకడం గగనమైంది. పైగా 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. పెట్రోలు తాగే ఆ పెద్ద కార్లను, జీపులను మేపడం ఎవరి తరం?

అప్పుడు హైదరాబాదు షెడ్లు రంగంలోకి దిగాయి. పెద్ద కార్లలోకి పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు, 1980ల తర్వాత జీపుల్లోకి మాటడార్ వ్యాను ఇంజన్లు ఎక్కించారు. ఇది రాసినంత తేలిక కాదు. కొత్త ఇంజను రంధ్రాలు పాత గేర్ బాక్సు రంధ్రాలతో కలవవు. మధ్యన మందపాటి ఇనుప ప్లేటు లేతు మీద కోయించి బిగించాలి. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్ అరిగిపోతుంది. డీజిల్ ఇంజను బరువు, అందుకని ముందు వైపు కమాన్ పట్టీలకు ఇంకో పట్టీ చేర్చాలి. దానికి బలం ఎక్కువ, తిరిగే వేగం తక్కువ. పాత పళ్ల చక్రాలతోనే వదిలేస్తే బండి ఎద్దుబండితో పోటీపడుతుంది. వెనక ఇరుసులో క్రౌన్, పీనియన్ మార్చాలి. ఆరు ఓల్టుల వైరింగు పీకి పన్నెండు ఓల్టులది వేయాలి. ఇంత చేశాక కూడా అదురుకు వారానికోసారి నట్లు బిగించుకోవాలి. ఇవన్నీ ఏ కాలేజీలోనూ చదవని మేస్త్రీలు గేజి, సుద్దముక్క పట్టుకుని చేసిన పనులు.

అమెరికాలో ఇదే పని సరదా కోసం చేస్తారని మా మనవడి వల్ల తెలిసింది. యుద్ధం నుండి తిరిగొచ్చిన కుర్రాళ్లు 1932 నాటి ఫోర్డు కార్లలో పెద్ద ఇంజన్లు పెట్టి పందేలు ఆడేవారట. ఇప్పుడు 1964లో వచ్చిన ముస్టాంగు, 1953లో వచ్చిన కార్వెట్ వంటి పందెపు కార్లను బాగుచేసి, లోపల కంప్యూటరు ఇంజను, డిస్కు బ్రేకులు బిగిస్తారు. మరో వర్గం మాత్రం ఫ్యాక్టరీ ఇంజనే ఉండాలంటుంది. ఇంజను నంబరు కాగితాలతో కలిస్తే ధర ఎక్కువ పలుకుతుంది. నంబరు సంగతి చదివినప్పుడు నా గుండె కొంచెం బరువెక్కింది. కారణం ఇదిగో.

1980లలో నేను పనిచేసిన ఒక ఆఫీసులో జీపు కండెమ్ అయింది. ప్రతిపాదనలు తయారుచేయడం నా పని. షెడ్డుకు వెళ్లి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు పెన్సిలు ప్రింటు తీయాలి. ఎండాకాలం. నేను వెళ్లలేదు. స్టాకు రిజిస్టరులో ఉన్న నంబరు ఎత్తి రాసేశాను. అంతకు రెండేళ్ల ముందే దానికి వేరే జీపు ఇంజను మార్చారు. ఆ బిల్లు అదే ఫైలులో అడుగున ఉంది. పై అధికారి సంతకం చేశారు, వేలం జరిగింది.

కొన్న రైతు తర్వాత డీజిల్ ఇంజను పెట్టించాడు. ఇంజను మారిస్తే రిజిస్ట్రేషను అధికారికి తెలిపి సి-బుక్కులో ఎక్కించుకోవాలని చట్టం. ఆయన వెళ్లాడు. పాత ఇంజను నంబరే బుక్కుతో కలవడం లేదని తిప్పి పంపారట. చదువురాని మనిషి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. బండి యాచారం వైపు కూలీలను, కూరగాయలను చాలా ఏళ్లు మోసింది. కాగితాలు మాత్రం కుదరనే లేదు. చివరకు వేపచెట్టు కింద చేరింది.

గత ఏడాది ఆయన మనవడు మా ఇంటికి వచ్చాడు. బండికి పవర్ స్టీరింగు, డిస్కు బ్రేకులు పెట్టి తిప్పాలని అతని కోరిక. పాత కాగితం చూపించి, "ఈ సంతకం మీదేనా తాతా?" అన్నాడు. నాదే. జరిగింది దాచకుండా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా తాత తన తలరాత అనుకున్నడు" అన్నాడు.

2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషను నియమాలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చి ఉండకూడదు. కొత్తగా చేయించుకుంటే రుసుము 20 వేలు, రోజువారీ తిరగడానికి వీల్లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. ఆరవ నిజాం తెప్పించుకున్నది, బండి రాకముందే 1911లో ఆయన పోయారు. అది తిరిగిందే కొన్ని వందల మైళ్లు. అలాంటి బండి అసలు రూపంలో ఉండటంలో వింత లేదు. ముప్పై ఏళ్లు కూలి చేసిన జీపు తన ఇంజను తానే ఉంచుకోవాలంటే ఎలా? నియమం చేసినవారిని తప్పుపట్టను గాని, మన జిల్లా జీపుల్లో అది ఎన్నింటికి వర్తిస్తుందో నాకు అనుమానమే.

వింటేజ్ దారి మూసుకుంది కనుక, జరిగినదంతా రాసి, తేదీలతో సహా, నా సంతకంతో అఫిడవిట్ ఇచ్చాను. ఇంజను మార్పు నమోదుకు అది చాలుతుందో లేదో అధికారుల ఇష్టం. అర్జీకి ఛాసిస్ నంబరు ప్రింటు కావాలి. కుర్రవాడు తీస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. వేపచెట్టు దగ్గరకు వెళ్లి, తీగ బ్రష్షుతో తుప్పు గోకించి, తెల్లకాగితం అద్ది, పెన్సిలు రుద్దాను. మోకాళ్ల వల్ల లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. అంకెలన్నీ స్పష్టంగానే పడ్డాయి.