ముందు టైరు తారీఖ్

మా ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ అంటే రెండు అర్థాలు. ఉస్తాద్ రోజూ బోర్డు మీద రాసేదీ తారీఖే, అక్బర్, ఔరంగజేబుల పాఠమూ తారీఖే. డిగ్రీలో తెలుగుకు వచ్చాక మొదటిది తేదీ అయింది, రెండోది చరిత్ర అయింది. ఆ రెండూ ఒకటేనని మళ్లీ గుర్తు చేసింది మా భాయీజాన్ బండి ముందు టైరు.

భాయీజాన్‌కు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. పాత మోటార్ సైకిల్ వెనక చక్రం తీసేసి, యాక్సిల్ వేసి, రెండు చక్రాలు బిగించిన బండి ఆయనది. దుకాణానికైనా, జుమా నమాజుకైనా, పిల్లల్ని బడిలో దింపడానికైనా అదే. తొలకరి వాన పడ్డ రోజు కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర మలుపులో హ్యాండిల్ తిప్పాడు. చక్రం తిరిగింది గానీ బండి తిరగలేదు. సూటిగా జారుకుంటూ పోయి డివైడర్‌కు కొట్టుకుంది. చేయి విరిగింది. అల్‌హమ్దులిల్లాహ్, జాన్ దక్కింది.

"టైరు బాగానే ఉండె కదరా, గీతలు కూడా అరగలేదు" అన్నాడు కట్టు కట్టించుకుంటూ. ఆ మాటే నన్ను ఈ మూడు చక్రాల తారీఖ్‌లోకి దింపింది.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ తీసుకున్న మొదటి మోటారు బండికి మూడే చక్రాలు. రెండు ముందు చక్రాలను సరిగ్గా తిప్పే పద్ధతి ఆయనకు అప్పటికి తృప్తిగా కుదరలేదు, అందుకే ముందు ఒక్కటే పెట్టాడు. అది గట్టి రబ్బరు చక్రం, లోపల గాలి లేదు. గాలి టైరుకు 1840లలోనే రాబర్ట్ థామ్సన్ పేటెంట్ తీసుకున్నా అది చెలామణిలోకి రాలేదు. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టర్ జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు సైకిల్ కుదుపులు చూడలేక రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంట్ వచ్చింది. ఆ పిల్లాడి సైకిల్‌కూ మూడు చక్రాలే! ఒక అబ్బాజాన్ ఫిక్ర్‌లోంచి పుట్టిందన్నమాట టైరు.

తర్వాత అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ సర్వీకార్ వచ్చింది. 1932 మోడల్‌గా మొదలై 1973 దాకా తయారైంది. వెనక కారులాంటి యాక్సిల్, ముందు మామూలు మోటార్ సైకిల్. మన ఢిల్లీ ఫట్‌ఫటీ కూడా ఆ తరహాదే. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిన మిలిటరీ హార్లేలకు వెనక బండి తగిలించి చాందినీ చౌక్, కనాట్ ప్లేస్ మధ్య సవారీలు తిప్పారు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లకు అది రోజీ రోటీ అయింది. పొగ కాలుష్యం వల్ల 90ల చివర్లో ఆగిపోయింది.

ఈ బండ్లన్నిట్లో మెహనత్ అంతా వెనకే. యాక్సిల్, సీట్లు, బరువు అన్నీ లెక్క చూసుకుంటారు. ముందు టైరు మాత్రం మోటార్ సైకిల్‌తో వచ్చిందే ఉండిపోతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

మోటార్ సైకిల్ మలుపులో పక్కకు వాలుతుంది. అందుకే దాని టైరు గుండ్రంగా ఉంటుంది, ఎటు వాలినా రోడ్డును పట్టుకోవడానికి. మూడు చక్రాల బండి వాలదు. నిలువుగానే తిరుగుతుంది. అప్పుడు గుండ్రటి టైరులో నడిమి సన్నటి పట్టీ ఒక్కటే రోడ్డుకు ఆనుతుంది. పక్కకు తోసే జోరంతా దాని మీదే. బ్రేక్ వేస్తే బరువు కూడా ముందుకే వస్తుంది. ఆ ఒక్క పట్టీ జారితే ఇక తిప్పేది ఎవరు?

ఈ సంగతి తెలిసి చేసిన బండ్లూ ఉన్నాయి. 2007లో వచ్చిన కెన్-ఆమ్ స్పైడర్‌కు ముందు రెండు చక్రాలు. అది వాలదు, కాబట్టి కారు టైర్లలా చదునైనవి వేశారు. 2006 నాటి పియాజియో ఎంపీ3కీ ముందు రెండే, కానీ అది వాలుతుంది, కాబట్టి గుండ్రటివే. మన ఆటోకు మూడూ 4.00-8 టైర్లే. అంటే వెడల్పు 4 అంగుళాలు, రిమ్ 8 అంగుళాలు. ఒకే స్టెప్నీ ఎక్కడైనా పడుతుంది.

కాబట్టి ఇంట్లో ఇలాంటి బండి ఉన్నవాళ్లు ముందు టైరు కొనేటప్పుడు తొందరపడొద్దు. రిమ్ సైజు అదే ఉండాలి. నడుమ వీలైనంత చదునుగా ఉండాలి, పక్క గోడలు గట్టిగా ఉండాలి. వెడల్పు పెంచితే ఫోర్కుకూ మడ్‌గార్డుకూ రాసుకోకూడదు. టైరు మీద రాసిన లోడ్ నంబరు మోటార్ సైకిల్‌కు కాదు, ఇప్పటి బండి మోసే బరువుకు సరిపోవాలి. గాలి లెక్క కూడా ఆ బరువును బట్టే.

ఇక తారీఖ్. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. భాయీజాన్ టైరు మీద 2215 అని ఉంది. 2015లో 22వ వారం! గీతలు అరగలేదు నిజమే, కానీ తొమ్మిదేళ్లలో రబ్బరు ఎండి గట్టిపడింది. గోరు గుచ్చితే దిగలేదు. తడి రోడ్డును అది పట్టుకోలేకపోయింది.

చేయి నయమయ్యాక ఇద్దరం కలిసి టైర్ల దుకాణానికి వెళ్లాం. మిస్త్రీ చదునైన టైరు ఒకటి తెచ్చి ఫోర్కులో పెట్టి తిప్పి చూపించాడు. ధర అడగబోయాను. భాయీజాన్ వంగలేడు, బండి మీద కూర్చునే నా భుజం తట్టాడు.

"తర్వాత అడుగుదువు గానీ, ముందు తారీఖ్ చదవరా."