నిల్ రిపోర్టూ, కెమెరా సాక్ష్యమూ

"ఇప్పుడు ఇవన్నీ ఎక్కడున్నాయండీ?" అంటరానితనం మాట ఎత్తగానే చదువుకున్నవాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. వినడానికి ప్రశ్నలా ఉంటుంది గానీ నిజానికి ఇది జవాబు. "లేదు" అనే జవాబు. మా ఆఫీసు భాషలో దీన్ని నిల్ రిపోర్టు అంటాం.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సినిమా కళ గురించి పెద్దగా చెప్పగలిగింది లేదు. ఏది ఆధారం, ఏది కాదు అని తేల్చడం మాత్రం నా బతుకుతెరువు. స్టోర్స్ తనిఖీలో లెడ్జరు చూసి సంతకం పెట్టి వచ్చేస్తే అది తనిఖీ కాదు. గోడౌను తలుపు తీయించి, లోపలికి వెళ్ళి, కళ్ళతో చూసి లెక్కపెట్టాలి. కులం, వెలి మీద మన దేశంలో కొందరు సొంత పూనికతో తీసిన చిన్న సినిమాలు చేసింది సరిగ్గా ఈ పనే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మా ప్రాంతం నుంచే మొదలుపెడతాను. నేనుండే తఖత్‌పూర్, బిలాస్‌పూర్ నుంచి ముంగేలి వెళ్ళే దారిలో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో సత్నామీలు ఎక్కువ. విగ్రహారాధననీ కులభేదాన్నీ కాదన్న గురు ఘాసీదాస్ అనుయాయులు వీరు. ఈ ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోనే సత్యజిత్ రాయ్ 1981లో 'సద్గతి' తీశారు. ప్రేమ్‌చంద్ 1931 నాటి కథ, గంట కూడా లేని సినిమా. దూరదర్శన్ కోసం తీసింది కాబట్టి దీన్ని స్వతంత్ర చిత్రం అనలేం. అయినా తర్వాత వచ్చిన వాటికి ఇది పునాదిరాయి. ఓం పురి, స్మితా పాటిల్‌తో పాటు ఛత్తీస్‌గఢ్ జానపద గాయకుడు భైయాలాల్ హేడావు కూడా ఇందులో నటించారు.

కథ మనవాళ్ళు తప్పక గమనించాల్సింది. దుఖీ అనే చర్మకారుడు కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవడానికి బ్రాహ్మణుడి ఇంటికి వెళ్తాడు. ఆయన తీరిగ్గా వెట్టి చేయించుకుంటాడు. ఒంట్లో బాగాలేని మనిషి తిండి లేకుండా మొద్దు చీలుస్తూ చీలుస్తూ ప్రాణం వదులుతాడు. శవాన్ని ముట్టుకోకూడదు కనక కాలికి తాడు కట్టి ఈడ్చుకుపోతారు. మూఢనమ్మకం వేరు, కులం వేరు అనుకునే హేతువాదులు ఈ సినిమా చూడాలి. ఇక్కడ మనిషిని వెట్టిదాకా తెచ్చింది ముహూర్తం. శవానికి తాడు కట్టించింది మైల. రెండూ ఒకే పుస్తకంలోని రెండు పేజీలు.

అయితే 'సద్గతి' కల్పిత కథ. కథ ఎంత గొప్పదైనా ఓచరు కాదు. అసలు ఓచర్లు వచ్చింది డాక్యుమెంటరీలతో. అందులోనూ పాకీపని మీద తీసినవాటితో. ఇది మన తెలుగువాళ్ళకు దగ్గరి విషయం కూడా.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం పని వెతుక్కుంటూ బిలాస్‌పూర్ వచ్చారు. గుమాస్తాలూ, ఫిట్టర్లూ, గ్యాంగ్‌మన్లూ అయ్యారు. రైల్వేలో ఇంకో పని కూడా ఉండేది. బండి స్టేషను దాటిపోగానే పట్టాల మధ్య మిగిలిన మలాన్ని చీపురుతో, నీళ్ళ గొట్టంతో తీయడం. మనం బండి దిగి ముక్కు మూసుకుని మెట్లెక్కేవాళ్ళం. కింద ఉన్నవాళ్ళ కులం ఏమిటో ఎవరూ అడగనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఉత్తరాంధ్ర పట్నాల్లో ఇదే పని రెల్లి కులస్తుల నెత్తిన పడింది. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల టౌన్‌షిప్‌లో పాకీదొడ్లు ఎత్తినవాళ్ళలోనూ తెలుగు దళితులున్నారు. బెజవాడ విల్సన్ అలాంటి కుటుంబంలోనే 1966లో పుట్టారు.

1993లో పాకీపనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ దశాబ్దంలోనే విల్సన్, ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలుపెట్టారు. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పలు రాష్ట్రాలు ఇచ్చిన జవాబు ఏమిటో ఊహించగలరు: మా దగ్గర ఆ పని లేదు. నిల్ రిపోర్టు!

ఆ లెడ్జరు ముందు కెమెరా పెట్టినవాళ్ళు అప్పటికే ఉన్నారు. 1998లో స్టాలిన్ కె. గుజరాత్‌లో 'లెస్సర్ హ్యూమన్స్' తీశారు. 2003లో ఆర్.పి. అముదన్ మదురైలో 'పీ' తీశారు. అరగంట కూడా ఉండదు. ఒక గుడి పక్క వీధిలో మునిసిపాలిటీ పనిమనిషి ఒకామె రోజూ చేసే పని, అంతే. ఆమె ఊడుస్తుంది, ఎత్తుతుంది, మాట్లాడుతుంది. చూసేవాడికి తల తిప్పుకోవాలనిపిస్తుంది. తల తిప్పుకునే అవకాశం ఆమెకు లేదన్న సంగతి అప్పుడు అర్థమవుతుంది. తెలుగులో ఈ పని మీద కెమెరా కంటే ఎక్కువ కష్టపడింది కలం. ఆంధ్రప్రదేశ్ పాకీ కార్మికుల మీద గీతా రామస్వామి పుస్తకం 2005లో ఇంగ్లీషులో వచ్చింది.

ఇక్కడ సందేహవాది మిత్రుడు ఒక ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా. "సినిమా తీసేవాడు తనకు కావలసింది చూపిస్తాడు, మిగతాది కత్తిరిస్తాడు. అది ఆధారం ఎలా అవుతుంది?"

న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం రెండు వాదనలను విడదీయాలి. "ఈ పని దేశంలో ఎక్కడా లేదు" అన్నది ఒక వాదన. దాన్ని పడగొట్టడానికి ఒక్క కేసు చాలు. నల్లహంస ఒక్కటి కనిపిస్తే హంసలన్నీ తెల్లనివే అన్న మాట పోతుంది. అక్కడ అరగంట సినిమా పూర్తి ఆధారం. "ఈ పని ఎంత ఉంది" అన్నది రెండో వాదన. అక్కడ సినిమా పనికిరాదు, లెక్కే కావాలి. ఆ లెక్క 2011 జనాభా గణనలో వచ్చింది: మనుషులు చేత్తో మలం ఎత్తే పాయిఖానాలు 7,94,390. నిషేధ చట్టం వచ్చిన పద్దెనిమిదేళ్ళకు! కెమెరా చెప్పినదాన్ని లెక్క బలపరిచింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023లో అదే కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

ఇక లెక్కల మనిషిగా నన్ను అన్నిటికంటే కదిలించిన సంగతి. 2021లో పార్లమెంటులో ప్రభుత్వం చెప్పింది: పాకీపని వల్ల చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు. అదే ఏడాది అదే ప్రభుత్వం చెప్పింది: మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ చనిపోయినవాళ్ళు 941 మంది. రెండూ చట్టం ప్రకారం సరైనవే! 2013 చట్టంలో పాకీపనికి ఒక నిర్వచనం, ప్రమాదకరమైన శుభ్రతకు ఇంకో నిర్వచనం ఉన్నాయి. ఖర్చును ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చితే మొదటి పద్దులో సున్నా కనిపిస్తుంది. ఖజానా నుంచి పోయిన డబ్బు మాత్రం పోయినట్టే. ఇక్కడ పోయినవి ప్రాణాలు. ఆ గుంట దగ్గర కెమెరా ఉంటే దానికి పద్దులు తెలియవు. తాడుకు వేలాడుతూ పైకి వచ్చే మనిషి మాత్రమే కనిపిస్తాడు.

అందుకే కాబోలు, తనిఖీకి వచ్చినవాడికి గోడౌను తాళంచెవి ఇవ్వకపోవడం మనకు పాత అలవాటు. 1968లో కె.ఎ. అబ్బాస్ 'చార్ షహర్ ఏక్ కహానీ' అనే పదహారు నిమిషాల చిత్రం తీశారు. నాలుగు మహానగరాల్లో ధనికుల వైభవం పక్కన పేదల బతుకు చూపించారు. అందులో బొంబాయి వేశ్యావాటిక దృశ్యం ఉన్నందుకు సెన్సారు బోర్డు పెద్దలకు మాత్రమే అంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విచారణలో ప్రభుత్వం ఆ ఒక్క చిత్రం వరకూ దిగివచ్చింది గానీ, 1970 సెప్టెంబరులో కోర్టు ముందస్తు సెన్సారును సమర్థించింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా మా రాయ్‌పూర్ బడిలో చదువుకున్నవారే. దాని నీడ ఇంకా పోలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, రోహిత్ వేముల మరణం మీద పి.ఎన్. రామచంద్ర తీసిన డాక్యుమెంటరీకి 2017లో కేరళ లఘుచిత్రోత్సవంలో ప్రదర్శించడానికి కేంద్రం సెన్సారు మినహాయింపు ఇవ్వలేదు. అదే ఏడాది తమిళనాడులో పారిశుధ్య కార్మికుల మీద దివ్యభారతి తీసిన 'కక్కూస్' ప్రదర్శనలను పోలీసులు ఆపారు. ఆమె దాన్ని యూట్యూబ్‌లో పెట్టేశారు. లేనిదాన్ని చూపించే సినిమా అయితే ఇంత భయం దేనికి?

మరి పరిష్కారం సినిమాలే తెస్తాయా? తేవు. పట్టాల మీద మలం ఆగడానికి కారణం బయో టాయిలెట్. మలాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా పద్ధతిని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. 2011లో రైలుపెట్టెల్లో మొదలై, పదేళ్ళలోపే దాదాపు అన్ని పెట్టెలకూ వచ్చింది. శతాబ్దపు నీతిబోధలు చేయలేని పని ఒక సూక్ష్మజీవి చేసింది! కానీ చప్పట్లు కొట్టేముందు ఆడిటు చూడండి. 2017లో కాగ్ తనిఖీ చేసిన 25,080 బయో టాయిలెట్లలో ఒక్క ఏడాదిలో 1,99,689 లోపాలు తేలాయి. వాటిలో సగానికి పైగా గొట్టం మూసుకుపోవడమే. అలా మూసుకుపోయినదాన్ని తీయాల్సిన చెయ్యి ఎవరిది? ఆ ప్రశ్న నివేదికల్లో పట్టదు. దానికి మళ్ళీ కెమెరా కావాలి.

మనం బాబాల బూడిద గుట్టు విప్పడానికి ఊరూరా తిరుగుతాం. మంచిదే. ఆ పరికరాల పెట్టెలో ఒక ప్రొజెక్టరు కూడా పెట్టుకుందాం. తెల్లటి గోడ, అరగంట సమయం చాలు. సినిమా అయ్యాక ఉపన్యాసం వద్దు. చూసినవాళ్ళను మూడే మూడు అడగండి: మీ వీధి మురుగు గుంట ఎవరు తీస్తారు? వాళ్ళకు నెలకు ఎంత ఇస్తారు? ఆ పనికి వేరే కులం మనిషి ఎప్పుడైనా వచ్చాడా? మూడో ప్రశ్నకు చాలాచోట్ల నిల్ రిపోర్టే వస్తుంది. ఆ ఒక్క నిల్ రిపోర్టును మాత్రం తనిఖీ లేకుండానే నమ్మవచ్చు.