ఫ్రెంచి చదువులు, రాజకీయ శిక్షణ (కోనసీమ–యానాం)

ఫ్రాన్స్ సమాజాన్ని, రాజకీయ వ్యవస్థను దగ్గరగా తెలుసుకొనే అవకాశం కోనసీమ వాసులకు మొదట గౌతమి అవతలి ఒడ్డునే దొరికింది. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి ఏరు దాటితే యానాం వచ్చేది. అక్కడ 1723 నుంచి 1954 దాకా, మధ్య మధ్య ఇంగ్లీషువారు ఆక్రమించిన కాలం పోగా, ఫ్రెంచి పాలన సాగింది. చుట్టుపక్కల ఊళ్లవారు ఇప్పటికీ దాన్ని ‘ఫ్రెంచి యానాం’ అంటారు. ఆ ప్రాంతంలో ఒక లంకకు ఫ్రాన్స్‌తిప్ప అనే పేరు నిలిచిపోయింది.

తొలి దశ

18వ శతాబ్దంలో యానాం బట్టల వర్తక స్థావరం. చదువుల ప్రస్తావన తక్కువ. ఫ్రెంచి విప్లవ కాలంలో ఇక్కడ అధికారిగా ఉన్న పియేర్ సొన్నెరా పేరొందిన ప్రకృతి శాస్త్రవేత్త. ఒక జాతి అడవికోడికి శాస్త్రీయ నామం ఆయన పేరు మీదే వచ్చింది. 1828లో యానాం నుంచి కొందరు తెలుగువారు కూలి ఒప్పందం మీద రీయూనియన్ దీవికి ఓడలో వెళ్లారు. ఫ్రెంచి రాజ్యంలోకి ఇక్కడివారి తొలి ప్రయాణాల్లో ఇదొకటి. అది చదువుకోసం కాదు, పొట్టకూటికోసం.

ఓటు, చట్టం, బడి

1871 నుంచి ఫ్రెంచి ఇండియా ఓటర్లు పారిస్ శాసనసభకు ఒక ప్రతినిధిని పంపేవారు. 1876 నుంచి ఒక సెనేటరు కూడా ఉండేవాడు. 1880 డిక్రీతో యానాంకు పురపాలక సంఘం, మేయరు పదవి వచ్చాయి. నది ఇవతల, మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో, పరిమిత ఓటుహక్కుతోనైనా మామూలు ఓటర్లు శాసనమండలికి నేరుగా ఓటు వేయడానికి 1920 ఎన్నికలదాకా ఆగవలసి వచ్చింది. యానాం ఎన్నికలు నీతిగా జరిగాయని చెప్పడం కష్టం. ఫ్రెంచి ఇండియా అంతటా ఓటరు జాబితాల తారుమారు, ముఠాల దౌర్జన్యం మామూలే. అయినా ఒక తెలుగు రేవుపట్నం గణతంత్ర రాజకీయాలను అంత ముందుగా రుచి చూడడం విశేషమే.

1881 సెప్టెంబరు డిక్రీ మరో తలుపు తీసింది. కులాచారం, ధర్మశాస్త్ర హక్కులు వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతి కిందికి వచ్చినవారు కొత్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. వీరిని రెనోన్సాన్లు అనేవారు. అలా చేరనివారికి 1819 నాటి నిబంధన ప్రకారం తమ తమ ఆచారాలే చట్టం. ఈ రెండో ఏర్పాటు ఫలితం కోనసీమ ఇళ్లలోనే కనిపించింది. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి రాగానే, పసిపిల్లలను పడవలెక్కించుకొని పెళ్లివారు యానాం చేరేవారు. ఊరికి ‘కల్యాణపురం’ అన్న పేరు పడింది. స్వేచ్ఛ, సమానత్వం అని చాటే రాజ్యం నీడలో ఆ పెళ్లిళ్లు నిరాటంకంగా జరిగిపోయాయి.

యానాం బడిలో ఫ్రెంచి నేర్చినవారికి పై చదువంటే పుదుచ్చేరి కళాశాలే దిక్కు. 1826లో మొదలైన ఆ సంస్థే నేటి లీసే ఫ్రాన్సే. అక్కడ బకాలోరియా పరీక్ష పూర్తయితే న్యాయశాస్త్రం, వైద్యం, సర్కారు కొలువు, ఆపైన ఫ్రాన్స్. యానాంలోని ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేశారు. పరిపాలన లోపలి నుంచి తెలిసిన ఆ మనిషే యానాంను భారత్‌లో కలపాలన్న విలీనోద్యమానికి సారథి అయ్యారు. 1954 జూన్ 13న యానాంలో భారత పతాకం ఎగిరింది. అదే ఏడాది అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో ఫ్రెంచి ఇండియాకు చెందిన 178 మంది ప్రతినిధుల్లో 170 మంది విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న అధికారం చేతులు మారింది.

1956 మే 28 నాటి అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి జాతీయత ఉంచుకోదలచినవారు ఆరు నెలల్లో రాతపూర్వకంగా తెలపాలన్నది షరతు. ఆ ఒక్క కాగితం మీద కుటుంబాలు రెండు దేశాలుగా విడిపోయాయి. అలా జాతీయత నిలుపుకొన్నవారి పిల్లలకు ఫ్రాన్స్ చదువు విదేశీ చదువు కాకుండా పోయింది.

ఇటీవలి కాలం

ఇప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేటల విద్యార్థి దారి హైదరాబాదు అలియాన్స్ ఫ్రాన్సేజ్, క్యాంపస్ ఫ్రాన్స్, వీసా మీదుగా సాగుతుంది. భారతీయుల్లో ఎక్కువమంది మేనేజ్‌మెంట్, ఇంజనీరింగ్ కోసమే ఫ్రాన్స్ వెళుతున్నారు. రాజకీయ శాస్త్రానికి పేరుపొందిన సియాన్స్ పో 1872లో పుట్టింది; దాని ల హావ్ర్ శాఖ ఆసియా అధ్యయనాలకు ప్రత్యేకం. ఫ్రాన్స్ చదువుల్లో ‘స్టాజ్’, అంటే ఇంటర్న్‌షిప్, ముఖ్యమైన భాగం. విద్యార్థి, కళాశాల, పనిచ్చే సంస్థ ముగ్గురూ ఒప్పందంపై సంతకం చేయాలి. రెండు నెలలు మించితే భత్యం ఇవ్వడం తప్పనిసరి; ఒక విద్యాసంవత్సరంలో ఒక సంస్థలో ఆరు నెలలకు మించకూడదు. దీనికి వేరుగా, విదేశీ విద్యార్థులు ఏడాదికి 964 గంటలదాకా పనిచేసుకోవచ్చు. 2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థులను చేర్చుకోవాలన్న లక్ష్యాన్ని ఫ్రాన్స్ 2023లో ప్రకటించింది.

ఫ్రాన్స్ నుంచి తెలుగు వైపు ఎదురు ప్రయాణాలూ ఉన్నాయి. పారిస్‌లో 1795లో స్థాపితమైన ప్రాచ్యభాషల విద్యాలయం నేటి ఇనాల్కో; అక్కడ తెలుగు బోధించిన డానియల్ నెజెర్స్ బుర్రకథపై పరిశోధన చేశారు.