గజ్జి, పడవ, పరిశోధన డబ్బు: ఫిజీ దీవుల అంకెలు చెప్పేదీ చెప్పనిదీ

గజ్జిని మనం జబ్బుగా కన్నా తిట్టుగానే ఎక్కువ వాడతాం. దానిమీద పరిశోధనకు డబ్బు కావాలంటే అడిగేవాళ్ళకే నామోషీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది 2017లో. అప్పటికి పదేళ్ళ ముందే, 2007లో, ఫిజీలో దేశవ్యాప్త సర్వే జరిగింది. 75 చోట్ల 10,887 మందిని పరీక్షిస్తే 23.6 శాతం మందికి గజ్జి ఉంది. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో అది 43.7 శాతం.

ఈ భారం అందరిమీదా సమానంగా లేదు. భారత సంతతివారిలో కంటే స్థానిక ఈతౌకేయి ప్రజల్లో గజ్జి చాలా ఎక్కువ. ఆ భారత సంతతిలో మనవాళ్ళూ ఉన్నారు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటలకు వెళ్ళిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్ళ పాలు తక్కువేమీ కాదు. వలస కూలీల వారసులకన్నా భూమిపుత్రులకే ఈ జబ్బు ఎక్కువ కావడం, అసమానత అనగానే మనం ముందే గీసుకునే బొమ్మకు సరిపోదు. ఇలాంటిచోట ఊహకంటే లెక్క మేలు.

దురదే కదా అని వదిలేయడానికి లేదు. గోకినచోట చర్మం చిట్లుతుంది, అందులోంచి స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్ బాక్టీరియా లోపలికి పోతుంది, చీము పుళ్ళు లేస్తాయి. కొందరిలో అది రక్తానికి పాకుతుంది. స్ట్రెప్టోకాకస్ పుళ్ళ తర్వాత మూత్రపిండాల వాపు రావచ్చునన్నది రుజువైన సంగతి. గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరానికీ వీటికీ సంబంధం ఉందన్న వాదనకు ఆధారాలు పెరుగుతున్నాయి గానీ, ఆ గొలుసు ఇంకా పూర్తిగా బిగిసిందనలేం. సోలమన్ దీవుల్లోని అయిదు చిన్న లగూన్ దీవుల్లో ఐవర్‌మెక్టిన్ మాత్రలతో గజ్జిని 25 శాతం నుంచి ఒక శాతం లోపుకి దించారని 2005లో వచ్చిన నివేదిక చెప్పింది. పిల్లల మూత్రంలో రక్తం కనబడటం కూడా తగ్గిందని అందులో ఉంది.

అసలు పరీక్ష 2012లో ఫిజీలో మొదలైంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి డబ్బిచ్చింది. మూడు దీవి సముదాయాలు, 2,051 మంది మనుషులు, మూడు పద్ధతులు. ఒకచోట గజ్జి ఉన్నవారికీ వారితో కలిసి ఉండేవారికీ మాత్రమే వైద్యం. రెండోచోట ఊరంతటికీ పెర్మెత్రిన్ క్రీము. మూడోచోట ఊరంతటికీ ఐవర్‌మెక్టిన్ మాత్ర. ఏడాది తర్వాత చూస్తే మొదటిచోట గజ్జి 36.6 నుంచి 18.8 శాతానికి, రెండోచోట 41.7 నుంచి 15.8కి దిగింది. మాత్ర ఇచ్చినచోట 32.1 నుంచి 1.9కి పడిపోయింది. అంటే 94 శాతం తగ్గుదల.

ఈ అంకెను అందరూ ఉదహరిస్తారు, నేనూ ఉదహరించాను. కానీ పట్టిక పక్కన పెన్సిలుతో ఒక మాట రాసుకోవాలి. మనుషులు రెండు వేలైనా, పద్ధతులను పంచింది మూడు సముదాయాల మధ్యే. ఒక్కో పద్ధతికి ఒక్క సముదాయం. ఆ సముదాయంలో నీటి వసతో, రాకపోకలో వేరుగా ఉంటే ఆ తేడా ఎంత, మందు తేడా ఎంత అని విడదీయడం కష్టం. ఫలితం ఇంత పెద్దది కాబట్టి మందు పని చేయలేదనడానికి వీల్లేదు. 94 అన్న అంకెను మాత్రం ఇంకోచోటికి అలాగే మోసుకుపోలేం.

మోసుకుపోతే ఏమవుతుందో రెండు ప్రయత్నాలు చూపించాయి. 2015లో సోలమన్ దీవుల షువాజెల్ రాష్ట్రంలో 26,188 మందికి ఐవర్‌మెక్టిన్, అజిత్రోమైసిన్ కలిపి ఇచ్చారు. గజ్జి 18.7 నుంచి 2.3 శాతానికి తగ్గింది. పోల్చి చూడటానికి మందు ఇవ్వని ప్రాంతం లేదు. అయినా తగ్గుదల చిన్నది కాదు.

రెండోది మరీ ఆలోచింపజేస్తుంది. ఫిజీ ఉత్తర విభాగంలో, అంటే వనువా లేవు, తావెయునీ దీవులూ లంబాసా చెరకు పట్టణమూ ఉన్న ప్రాంతంలో, దాదాపు 1,32,000 జనాభాకు 2019లో ఐవర్‌మెక్టిన్ ప్రధానంగా సామూహిక వైద్యం జరిగింది. తర్వాత చర్మ ఇన్ఫెక్షన్లతో ఆస్పత్రుల్లో చేరినవారు 17 శాతం, ప్రాథమిక కేంద్రాలకు గజ్జీ పుళ్ళతో వచ్చినవారు 21 శాతం తగ్గారు. సర్వేలో గజ్జి 14.2 నుంచి 7.7 శాతానికి దిగినట్టు కనబడింది. ఎంపికైన ఊళ్ళ గుంపులను లెక్కలోకి తీసుకుని సరిచేస్తే అదే తగ్గుదల 12.5 నుంచి 8.9కి కుంచించుకుపోయింది. అసలు తగ్గలేదేమో అన్న అవకాశాన్ని కూడా ఆ అంచనా హద్దులు కొట్టిపారేయలేదు. పైగా ఇది ముందూ వెనకా పోల్చిన అధ్యయనమే. మందు తర్వాతి ఏడాది 2020, కోవిడ్ భయంతో జనం ఆస్పత్రి ముఖం చూడటమే తగ్గించుకుని ఉండగల ఏడాది.

మందు విఫలమైందని దీని అర్థం కాదు. ఇక్కడ మొదట్లోనే జబ్బు తక్కువగా ఉంది. పెద్ద దీవిలో రోడ్లుంటాయి, బస్సులుంటాయి. మాత్ర వేసే రోజున ఊళ్ళో లేనివాళ్ళు తర్వాత తిరిగొస్తారు, గజ్జి పురుగూ వాళ్ళతోపాటే వస్తుంది. వీటిలో ఏది ఎంత కారణమో ఈ అధ్యయనం విడదీసి చెప్పలేదు. చెప్పాలంటే ఏళ్ళ తరబడి అదే ఊళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. పరిశోధన నిధి సాధారణంగా ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

మాత్ర పని చేస్తుందా అన్న ప్రశ్నకు డబ్బు దొరుకుతుంది. మూడు నాలుగేళ్ళలో జవాబొస్తుంది, మంచి పత్రికలో అచ్చవుతుంది. పడవ ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలి, నర్సు జీతం ఎవరివ్వాలి అన్న ప్రశ్నలకు ఆ మెరుపు లేదు. మెక్టిజాన్ పేరుతో 1987 నుంచీ నడుస్తున్న ఉచిత ఐవర్‌మెక్టిన్ ఏర్పాటు నదీ అంధత్వానికీ బోదకాలుకీ ఉద్దేశించింది, గజ్జికి కాదు. 2019లో మక్వారీ గ్రూపు అనే బ్యాంకు తన వార్షికోత్సవ సందర్భంగా మెల్‌బోర్న్‌లోని మర్డోక్ పిల్లల పరిశోధన సంస్థకు కోటి ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చింది, ఫిజీ, సోలమన్లలో గజ్జి నియంత్రణ కోసం. ఒక బ్యాంకు వార్షికోత్సవ బహుమతి మీద ఒక దేశపు చర్మవైద్యం ఆనుకుని ఉండటం శుభవార్తో కాదో నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఖర్చు తగ్గించే దారి ఒకటుంది, అందులో తెలుగు పాలు కూడా ఉంది. బోదకాలుకు ఇప్పుడు పసిఫిక్ దీవుల్లో ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్‌తోపాటు డీఈసీ కలిపి ఇస్తున్నారు. సమోవా 2018లో దేశమంతా అలా ఇచ్చింది. ఆ డీఈసీ 1940లలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో బయటికొచ్చిన మందు. బోదకాలు కోసం వెళ్ళే పడవ గజ్జి పనీ చేసిపెడుతుంది. ఎంత చేసిపెడుతోందో కొలవడానికి విడిగా ఓడ అక్కర్లేదు, అదే పడవలో చర్మం పరీక్షించడం తెలిసిన మరొక మనిషి ఉంటే చాలు.

కొలిచేటప్పుడు సగటు ఒక్కటే రాసుకుంటే అసమానత కనబడదు. రేవు పక్క ఊళ్ళో గజ్జి పోయి, పగడపు దిబ్బకవతలి ఊళ్ళో అలాగే ఉండిపోయినా సగటు తగ్గుతుంది. అప్పుడు తేడా పెరిగినట్టే. అందుకే ఊరువారీగా, జాతివారీగా, వయసువారీగా అంకెలు అడగాలి. వయసు మాట మరీ ముఖ్యం. 15 కిలోలలోపు పిల్లలకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వరు, గర్భిణులకూ ఇవ్వరు, వాళ్ళకు క్రీమే. 17 అధ్యయనాల్లో ఆ మాత్ర వేసుకున్న 1,088 మంది చిన్నపిల్లల వివరాలు కలిపి 2021లో చూస్తే 1.4 శాతం మందిలో మాత్రమే ఇబ్బందులు కనబడ్డాయి, అవీ స్వల్పమైనవే. నిబంధన మార్చడానికి ఇది సరిపోతుందా అన్న చర్చ తేలేదాకా ప్రతి పడవలోనూ మాత్రల డబ్బాల పక్కన క్రీము ట్యూబులు వెళ్ళాల్సిందే. ఆ క్రీమును మెడ నుంచి పాదాల దాకా, పసివాళ్ళకైతే తలకు కూడా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే కడిగేయాలి. కడగడానికి నీళ్ళున్న ఇళ్ళు ఎన్నో కూడా ఆ పట్టికలో ఒక గడి కావాలి.